గంజి పెట్టిన గుడ్డ మీద మార్కండేయుడు

కోరుట్లలో మగ్గం ఎరిగిన ఇంట్లో పుట్టినవాళ్లకు గంజి వాసన కొత్తేమీ కాదు. పడుగుకు గంజి పట్టిస్తేనే నూలు మగ్గం మీద నిలుస్తుంది, లేకపోతే పోగుపోగుకూ తెగుతుంది. ఆ గంజికి ఇంకో పని కూడా ఉంది. పద్మశాలీల కులపురాణాన్ని బొమ్మలుగా గీసే పటానికి పెట్టే పూతలో కూడా బియ్యపు గంజే ఉంటుంది. నేతగాడి కథను నేతగుడ్డ మీద, నేతగాడి గంజితోనే నిలబెట్టిన కళ ఇది.

ఈ పటాన్ని మోసుకొచ్చి రాత్రంతా మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు కూనపులివాళ్లు. పటం గీసేవాళ్లు నకాషీలు. గొల్లలకు మందహెచ్చులు, గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు డక్కలివాళ్లు ఎలాగో పద్మశాలీలకు కూనపులివాళ్లు అలాగ. ఏ ఇంటివాళ్లు ఏ ఊళ్లో కథ చెప్పాలన్నది తాతల నాటి మిరాశి హక్కుగా నడిచింది. తెలంగాణ పటాల మీద కీర్తన తంగవేలు 1998లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి పెద్ద పరిశోధన సమర్పించారు. హైదరాబాదులోని జగదీశ్ అండ్ కమలా మిట్టల్ మ్యూజియంలో పాత పటాలు భద్రంగా ఉన్నాయి. వాటిని గీయించిన వాడలకు మాత్రం వాటి విలువ ఇంకా పూర్తిగా తెలియలేదని నా బాధ.

పటం వెడల్పు 3 అడుగులు, పొడవు 40 అడుగులు దాటినవీ ఉన్నాయి. ముతక ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, బంకనీళ్లు కలిపి పూస్తారు. ఒక పూత ఆరాక ఇంకొకటి, అలా మూడు. సుద్ద గుడ్డ కంతలను పూడుస్తుంది, చింతగింజ బంక సుద్దను రాలకుండా పట్టుకుంటుంది. ఇటలీ చిత్రకారులు చెక్కపలకల మీద జిప్సం పొడినీ జంతువుల చర్మంతో చేసిన జిగురునూ కలిపి పూసేవారు. అయితే వాళ్ల పలక కదలదు. మన పటం చుట్ట చుట్టాలి, విప్పాలి, బండి మీద ఊరూరూ తిరగాలి. పూత మందమైతే మడత దగ్గర పగులుతుంది, పలచనైతే రంగు గుడ్డలోకి ఇంకిపోతుంది. ఆ రెండింటి మధ్య పాళ్లు చేతికి తెలియాల్సిందే.

పాతకాలంలో రంగులన్నీ ఇంటి దగ్గర నూరుకున్నవే. శంఖం నుంచి తెలుపు, దీపం మసి నుంచి నలుపు, ఇంగిలీకం నుంచి ఎరుపు, పేవుడి రాయి నుంచి పసుపు, నీలిమందు నుంచి నీలం. ఉడుత వెంట్రుకలను పుల్లకు కట్టి కుంచె చేసుకునేవారు. తడబడకుండా నేరుగా కుంచెతోనే బొమ్మ వేసి, దాని చుట్టూ ఎరుపు నింపేస్తారు. తర్వాత ఒంటి రంగు, బట్టలు, నగలు. అన్నిటి చివర నల్లగీత.

ఆ ఎరుపు గురించి ఒక మాట చెప్పాలి. పటం పగలు చూసే బొమ్మ కాదు, రాత్రి దీపం ముందు చూసే బొమ్మ. దీపం వెలుగులో ఆ ఎరుపు మీద పసుపూ తెలుపూ ముందుకొస్తాయి. వెనక వరుసలో, తల్లి ఒళ్లో సగం నిద్రలో ఉన్న పిల్లవాడికి కూడా బొమ్మ అందాలి. పెద్ద కళ్లు, పక్కకు తిప్పిన ముఖం, విడివిడిగా కనిపించే వేళ్లు ఈ అవసరం నుంచే వచ్చాయని నేను నమ్ముతాను. వేములవాడ దగ్గర బూరుగుపల్లిలో 1942లో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం గీసిన ఆడవాళ్లను, ఆ బొట్లను, ఆ ఎరుపులను చూసినప్పుడల్లా నాకు పటం గుర్తొస్తుంది.

ఇక గుర్తుల సంగతి. దేవుడి ఒళ్లు నీలం, దేవతది పసుపు, రాక్షసుడిది ముదురు గోధుమ రంగు, మనుషులది గులాబీ చాయ. పేరు రాయనక్కరలేదు. యూరపులోనూ ఇదే పద్ధతి ఉండేది. తాళంచెవులు పట్టుకున్న ముసలాయన పీటరు, ముళ్ల చక్రం పక్కన ఉన్న కన్య కేథరిన్, మరియమ్మ దగ్గర లిల్లీ పువ్వుంటే అది పవిత్రత. చదువురాని భక్తుడు కూడా పొరబడడు. తేడా వచ్చేది దూరాన్ని చూపించే తీరులో. 1435లో ఇటలీ రచయిత ఆల్బెర్టీ చిత్రాన్ని తెరిచిన కిటికీతో పోల్చాడు. ఆ కిటికీలోంచి చూడాలంటే చూసేవాడు ఒకచోట కుదురుగా నిలబడాలి. పటానికి అలాంటి ఒక్క చోటు లేదు. చుట్టూ జనం కూర్చుంటారు, బొమ్మే అంచె తర్వాత అంచెగా కదిలి వస్తుంది. పూలతీగల పట్టీ ఒక ఘట్టాన్ని ఇంకో ఘట్టం నుంచి వేరు చేస్తుంది. దూరం చూపించే గీతలు రాక కాదు, ఇక్కడ వాటితో పని లేదు.

పటంలో అందరూ ఎదురుచూసే ఘట్టం ఒకటుంది. మృకండు మహర్షి కొడుకు మార్కండేయుడికి ఆయుష్షు 16 ఏళ్లే. యముడు దున్నపోతు మీద వచ్చాడు. పిల్లవాడు రెండు చేతులా లింగాన్ని కరుచుకున్నాడు. పాశం పిల్లవాడితో పాటు లింగం మీదా పడింది. ఒకే తాడులో చావవలసినవాడూ చావులేనివాడూ చిక్కారు. ఆ తాడు మెలికలోనే కథంతా ఉంది. కథకుడు పుల్లతో ఆ మెలికను చూపించి ఒక్క క్షణం ఆగుతాడు, తాళం కూడా ఆగుతుంది. ఆ తర్వాత పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి వస్తాడు, విష్ణువు నాభికమలం నుంచి నార తెచ్చి దేవతలకు బట్ట నేస్తాడు, సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడతాడు. నూలు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు కళ్లముందు రంగుల్లో ఉంటుంది. భివండీకో సూరత్‌కో వలసపోయి మరమగ్గం మోతలో బతికిన మనిషికి, తన పని దేవుడి బొడ్డు నుంచి మొదలైందని చెప్పే బొమ్మ ఎంత ధైర్యమిచ్చేదో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు చేర్యాలలో ధనాలకోటవారి వంటి నకాషీ కుటుంబాలు ఈ పనిని నిలబెట్టాయి. చేర్యాల బొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, ఫ్రేములు కట్టిన చిన్న బొమ్మలు, మాస్కులు అమ్ముడుపోతున్నాయి. అన్నం పెట్టేది అవే కాబట్టి వాటిని తక్కువ చేయను. కానీ ఒక్క ఘట్టాన్ని కోసి గోడకు తగిలిస్తే పాశం పడిన తర్వాత ఏమైందో చెప్పేవాడు ఉండడు. పద్మశాలి సంఘాలు మార్కండేయ మందిరాలకు గోపురాలు కట్టించినట్టే, ఒక నిండు పటం గీయించి, ఒక రాత్రి కథ చెప్పించాలని నా కోరిక.

కొత్త పటం తయారైతే పూజ చేసి కథకుల చేతికి ఇస్తారు. పాతది చిరిగి పనికిరాకుండా పోతే చెత్తలో వేయరు. మనిషికి చేసినట్టే కర్మ జరిపి ఏటిలో వదులుతారు. నీళ్లలో ముందు గంజి వదులుతుంది, తర్వాత సుద్ద, దానితోపాటే యముడూ మార్కండేయుడూ. చివరికి మిగిలేది ఎవరో నేసిన గుడ్డ.