అగం వారి త్యాగయ్య

తెలుగు చదవడం రాని మన పిల్లల నోట ఇవాళ త్యాగయ్య కీర్తన వినబడుతున్నదంటే ఆ పుణ్యం సంగీతం మాస్టర్లది కాదు, బెంగళూరు రాక్ బృందం 'అగం'ది. ధర్మపురిలో మన తెలుగు గడప దాటడం తగ్గిపోయింది. బడిలో తమిళం, ఇంగ్లీషు, సందులో తమిళం. అలాంటి ఊళ్లో గిటారు మోత మీద తెలుగు మాట తేలివస్తే సంతోషమే. అందుకే ఈ బృందాన్ని కాస్త నిక్కచ్చిగానే వినాలంటాను.

2003లో మొదలైన బృందం ఇది. పాడేదీ వయొలిన్ వాయించేదీ మలయాళీ అయిన హరీశ్ శివరామకృష్ణన్. కీబోర్డు స్వామి సీతారామన్‌ది, డ్రమ్ములు ఒకప్పుడు గణేశ్ రామ్ నాగరాజన్ వాయించేవారు. కంప్యూటరు ఉద్యోగాలు చేసుకుంటూనే పాడుకున్నారు. 2007లో సన్ టీవీ పోటీ గెలిచాక పేరొచ్చింది. హరీశ్ గొంతులో వినయం కన్నా ఆవేశం ఎక్కువ. కుర్రకారును పట్టేసిందీ అదే.

ఆ ఆవేశం ఒక కీర్తనకు చక్కగా అమరింది. 2012 నాటి తొలి ఆల్బంలో 'స్వాన్స్ ఆఫ్ సరస్వతి' పేరుతో ఉన్నది హంసనాదంలోని 'బంటురీతి కొలువు'. రాముడి దగ్గర బంటు ఉద్యోగం అడుగుతున్నాడు త్యాగయ్య. ఒళ్లు పులకరింతే కవచమట, రామభక్తుడన్నదే బిళ్ల, రామనామమే కత్తి. ఇంత సరంజామాతో నిలబడ్డవాడికి డ్రమ్ములు మోగకపోతేనే వెలితి. శుద్ధ సంప్రదాయం వాళ్లు కోప్పడితే పడనీండి.

'మనవ్యాలకించరాదటే' సంగతి వేరు. 2017 ఆల్బంలో పాడారు. నళినకాంతి రాగం. ఇక్కడ త్యాగయ్య రాముడితో కాదు, తన మనసుతోనే మాట్లాడుకుంటున్నాడు. మర్మం చెబుతాను, నా మనవి వినకూడదా అని బుజ్జగింపు. గుసగుసగా చెప్పుకోవలసిన మాట మైదానమంతా వినేటట్టు అరిస్తే ఇక మర్మమేముంది? అగం అంటే అరవంలో లోపలిది, మనసు. అలాంటి పేరు పెట్టుకున్నవాళ్లే లోపలి మాటను వీధిన పెట్టడం నాకు కొరుకుడు పడలేదు.

ఇంకొకటి. ఆల్బంలో ఈ పాట పేరు పక్కన 'మనవ్యాలకించరా' అని మాత్రమే ఉంది. కచేరీ పట్టికల్లోనూ ఇంతే, కనుక తప్పంతా అగం వారిది కాదు. కాని 'ఆలకించరా' అంటే మగవాడిని వినమనడం. 'ఆలకించరాదటే' అంటే, ఏమే, వినకూడదా అని ఆడపిల్లను అడిగినట్టు మనసును అడగడం. రెండక్షరాలు తెగేసరికి అర్థమూ మారింది, ఎదుటి మనిషీ మారిపోయింది. పాటలో పూర్తిగానే పలుకుతారు. అయినా పిల్లల నాలుక మీద నిలిచేది పేరే.

త్యాగయ్య 1767లో తిరువారూరులో పుట్టి తిరువయ్యారులో బతికిన తెలుగువాడు. మనలాగే తమిళనాటి తెలుగు. మన ఇంట్లో పిల్ల ఈ పాట కూనిరాగం తీస్తే పక్కన కూర్చుని ఆ 'దటే' కూడా అనిపించండి. 'ఏమే' అంటే తెలిసిన పిల్లకు అదేమీ కొత్త కాదు, రోజూ అవ్వ నోట వింటున్నదే.