మోసేది స్ప్రింగు, ఆపేది నూనె

మోటారు సైకిలు వెనుక చక్రానికి ఇరుపక్కలా, పై కొస కాస్త ముందుకు వాలి నిలబడే రెండు స్ప్రింగు గొట్టాలను తెలుగునాట షాకబ్జర్లు అంటారు. మెకానిక్కుల నోట ఆ మాట ఇంకా అరిగి షాకులుగా మిగిలింది, అక్కడక్కడ దుకాణాల బోర్డుల మీద మాత్రం షాక్ అబ్జర్వర్ అనే రూపం తొడుక్కుని, దెబ్బను మింగవలసిన వస్తువు కాస్తా దెబ్బను చూస్తూ ఊరుకునేదిగా మారిపోయింది. ఆ తప్పు అక్షరదోషమే అయినా, అరిగిపోయిన షాకుల విషయంలో అక్షరాలా నిజం. అయితే అసలు చిక్కు అక్షరాలలో లేదు, ఆ ఒక్క పేరు కింద రెండు వేర్వేరు పనులు చేసే రెండు వేర్వేరు వస్తువులు ఒదిగి ఉండడంలో ఉంది. ఉత్తరాంధ్రలోని కోటబొమ్మాళి వంటి చోట, బండి అంటే మనిషితోపాటు బస్తాను కూడా మోసే సాధనమైన చోట, జరిగే వైద్యంలో చాలా భాగం ఈ రెండింటిలో జబ్బు లేనిదానికే జరుగుతున్నది.

బయటికి కనిపించే ఉక్కు చుట్ట స్ప్రింగు. బండి బరువునూ, ఎక్కినవారి బరువునూ మోసేది అదే. చక్రం గుంటలో దిగి రాయినెక్కినప్పుడు అది కుదించుకుపోయి ఆ దెబ్బలోని శక్తిని తనలో దాచుకుంటుంది, కానీ దాచుకున్నదాన్ని ఎంతోసేపు ఉంచుకోదు. మరుక్షణమే తిరిగి విడిచిపెడుతుంది, ఆ విసురుకు సీటు లేస్తుంది, లేచి పడుతుంది, పడి మళ్లీ లేస్తుంది. ఈ ఊపును అణచడానికే స్ప్రింగు నడుమ నూనె నింపిన గొట్టం ఉంటుంది. దాన్ని సాంకేతిక భాషలో డ్యాంపరు అంటారు. గొట్టంలో సన్నని రంధ్రాలూ వాల్వులూ ఉన్న పిస్టన్ ఒక నున్నని కడ్డీ కొసన కదులుతూ ఉంటే, నూనె ఆ ఇరుకు దారుల గుండా దూరక తప్పదు, దూరడానికి పట్టే శ్రమే కదలికను నెమ్మదింపజేస్తుంది, ఊపులోని శక్తి వేడిగా మారి గొట్టం గోడల మీదుగా గాలిలో కలిసిపోతుంది. కుదించుకునే దిశలో కన్నా తిరిగి సాగే దిశలో ఈ అడ్డు ఎక్కువగా ఉండేలా వాల్వులను అమరుస్తారు, ఎందుకంటే కిందినుంచి వచ్చిన దెబ్బను గట్టిగా నిలదీస్తే అది నేరుగా నడుముకు చేరుతుంది, స్ప్రింగు వెనక్కిచ్చే తోపును నిలదీయకపోతే చక్రం నేలను విడుస్తుంది.

ఈ ఏర్పాటు మోటారు సైకిలుతో పుట్టలేదు. తొలినాటి బళ్లలో చాలావాటికి వెనుక చక్రం ఫ్రేముకు కదలకుండా బిగించి ఉండేది, నడిపేవాడి సుఖమంతా సీటు కింది రెండు స్ప్రింగుల దయ. ఆ విషయంలో ఎడ్లబండి మీద గడ్డి పరుచుకుని కూర్చున్న రైతు కన్నా అతడు పెద్దగా మెరుగు కాదు. చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చేయి వంటి భాగం, అంటే స్వింగ్ ఆర్మ్, రెండో ప్రపంచ యుద్ధం తరువాతే సాధారణమైంది. 1949 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ ఆ ఏర్పాటుతోనే వచ్చింది, 1955 నుంచి మద్రాసులో తయారై దక్షిణాది రోడ్లకు దాన్ని పరిచయం చేసింది. ఉత్తరాంధ్ర పల్లెకు మాత్రం ఆ సుఖం బుల్లెట్ మీద రాలేదు. 1980లో వచ్చిన టీవీఎస్ 50 మోపెడ్ వారసులూ, 1985లో సీడీ 100తో మొదలైన హీరో హోండా బళ్లూ దాన్ని ఇంటింటి వస్తువును చేశాయి.

కోటబొమ్మాళి నరసన్నపేటకూ టెక్కలికీ నడుమ, చెన్నై నుంచి కోల్‌కతా పోయే పదహారో నంబరు జాతీయ రహదారి దారిలో ఉన్నది. నాలుగు వరుసల ఆ రోడ్డు మీద ఏ షాకైనా మంచిదే అనిపిస్తుంది. పరీక్ష రోడ్డు దిగాక మొదలవుతుంది: వంశధార ఎడమ కాలువ గట్లు, టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలనుంచి రాళ్లు మోసే లారీలు నలిపిన దారులు, వానకు కోసుకుపోయి ఎండకు గట్టిపడిన చక్రాల జాడలు. వాటిమీద నడిచే మోపెడ్ బరువు 90 కిలోల లోపే, కానీ దానిమీదికెక్కే ధాన్యం బస్తా ఒక్కటే సుమారు 80 కిలోలు, నడిపే మనిషి సంగతి వేరే చెప్పనక్కరలేదు. బరువుకు ఉప్పు కూడా తోడవుతుంది. పక్కనే సంతబొమ్మాళి మండలంలో నౌపడ ఉప్పు మళ్లున్నాయి, భావనపాడు తీరం నుంచి చేపలు ఐసు పెట్టెలలో లోపలి ఊళ్లకు వస్తాయి. పెట్టె వెనుక సీటు మీద, కరిగిన ఐసు నీరు కారేది సరిగ్గా షాకుల మీద. గొట్టంలోకి దూరి వచ్చే కడ్డీకి ఉన్న క్రోమియం పూత ఎంత పల్చనిదో తెలిసినవారికి తరువాతి కథ ఊహించడం కష్టం కాదు: ఉప్పు నీరు పూతలో సన్నని గుంటలు తొలుస్తుంది, గరుకెక్కిన కడ్డీ ప్రతి కదలికలోనూ రబ్బరు సీలును గీస్తుంది, సీలు పోయినచోట నూనె పోతుంది.

మంచు మీద నడిచే స్నోమొబైల్ అనే వాహనంలోనూ ఇదే కథ మరో వేషంలో నడుస్తుంది. కెనడాలోని క్యూబెక్‌లో జోసెఫ్ ఆర్మాండ్ బాంబార్డియే 1959లో స్కీ డూ పేరుతో అమ్మకానికి తెచ్చిన ఆ బండికి వెనుక చక్రం ఉండదు, రబ్బరు పట్టా ఉంటుంది. నేటి బళ్లలో ఆ పట్టా లోపలే షాకులుంటాయి, కడ్డీకి అంటుకుని గడ్డకట్టిన మంచు సీలుకు అక్కడ ఆకురాయి. కశ్మీరులో గుల్మార్గ్ వెళ్లిన యాత్రికులు ఎక్కి తిరిగేది అటువంటిదే. ఉప్పుకైనా మంచుకైనా లొంగేది ఆ సన్నని సీలు పెదవే.

నూనె పోవడం ఒక్కనాటి పని కాదు, అదే దీని మాయ. షాకు రోజుకింత చొప్పున బలహీనపడుతుంటే నడిపేవాడి ఒళ్లు రోజుకింత చొప్పున దాని పనిని తనమీద వేసుకుంటుంది: గుంట కనిపించగానే పిరుదులు సీటునుంచి లేస్తాయి, మోచేతులు వదులవుతాయి, బండి తనకు తెలియకుండానే రోడ్డు అంచుకు పోతుంది. ఆరునెలలకు నూనె గొట్టం స్థానంలో మోకాళ్లు పనిచేస్తూ ఉంటాయి, బండి బాగానే ఉందని యజమాని ప్రమాణం చేసి చెబుతాడు. ఫిర్యాదు వచ్చేది వెనుక కూర్చునేవారినుంచి, వారి మాటకు షెడ్డులో విలువ తక్కువ. అందుకే యజమాని నోటి మాట కన్నా చేతి పరీక్ష నమ్మదగినది. సీటు వెనుక భాగాన్ని రెండు చేతులతో బలంగా అదిమి వదిలితే మంచి షాకు ఒక్కసారి లేచి నిలకడకు వస్తుంది, నూనె పోయినది ఊయలలా రెండు మూడుసార్లు ఊగుతుంది. గొట్టం మీద తడిసి పేరుకున్న మట్టి, టైరు మీద అక్కడొకటీ ఇక్కడొకటీ అరిగిన పల్లాలు, గతుకు దాటినప్పుడు బుష్ వద్ద వినిపించే టకటక శబ్దం దీనికి సాక్ష్యాలు. బుష్ అంటే షాకు రెండు కొసల కన్నాలలో కూర్చునే రబ్బరు తొడుగు. ఒక్కోసారి చచ్చింది అదొక్కటే, షాకు నిక్షేపంగా ఉంటుంది.

బండి కిందికి కూలుతోందనీ, ఎగిరి పడుతోందనీ చెప్పగానే సాధారణంగా జరిగేది స్ప్రింగు అడుగున ఉన్న మెట్ల రింగును తిప్పడం. చాలా బళ్లలో ఈ రింగుకు అయిదు మెట్లు ఉంటాయి. కొక్కెం ఆకారపు పానాతో పై మెట్టుకు తిప్పితే స్ప్రింగు ముందే కొంత నొక్కుకుని ఉండి బండి వెనుక భాగం ఎత్తుగా నిలుస్తుంది. బస్తా వేసే రోజున అది సరైన పనే, ఆ మెట్లు ఉన్నది అందుకే. కానీ నూనె పోయిన షాకుకు మెట్టు పెంచడమంటే గుర్రానికి కళ్లెం తెగితే దాణా ఎక్కువ పెట్టినట్టు: స్ప్రింగు మరింత బిర్రుగా ఉండి మరింత బలంగా విసురుతుంది, ఆ విసురును ఆపవలసిన నూనె మాత్రం ఉండదు. పాత స్ప్రింగు మీద అదనపు స్ప్రింగు తొడిగించడం, చుట్టల మధ్య రబ్బరు ముక్కలు దూర్చడం కూడా ఈ కోవలోనివే. బరువుకోసం చేసిన ఈ ఉపాయాలలో తెలివి లేదనలేము, ఊపుకు అవి మందు కావు. సీలు మార్చి కొత్త నూనె పోయించడం కనీసం జబ్బున్న చోట చేసే వైద్యం. అయితే కడ్డీకి గుంటలు పడ్డాక కొత్త సీలు కూడా పాతదాని దారే పడుతుంది, పైగా చౌక బళ్ల గొట్టాలు చాలావరకు విప్పడానికి వీలులేకుండా మూసినవే గనుక కోసి అతికించవలసి వస్తుంది.

మార్చడమే తేలినప్పుడు రెండూ మార్చాలి. కారుతున్నది ఒకటే కదా అని ఒకటే కొనే పొదుపు పెద్ద పొరపాటు, ఎందుకంటే ఒకవైపు ఆపేదీ మరోవైపు ఊగేదీ ఉంటే స్వింగ్ ఆర్మ్ మెలిపడుతూ మలుపులో బండి తనదారిన తాను పోజూస్తుంది. మార్చేది రెండైనా విప్పేది మాత్రం ఒకదాని తరువాత ఒకటి. బండిని మెయిన్ స్టాండు మీద నిలిపినప్పుడు వెనుక చక్రం గాలిలో ఉంటుంది, రెండు షాకులూ ఒకేసారి తీస్తే స్వింగ్ ఆర్మ్ కిందికి జారుతుంది, రెండోది ఉంటే కన్నాలు ఉన్నచోటే ఉంటాయి. చక్రం కింద సరిపడా చెక్క దిమ్మె పెడితే మిగిలిన తేడా కూడా కలుస్తుంది. తుప్పు పట్టిన నట్ల మీద ముందురోజు రాత్రే పలచని నూనె వేసి వదిలేయడం, కుడివైపు కింది బోల్టుకు సైలెన్సరు అడ్డొస్తే పానాను ఏటవాలుగా దూర్చి బోల్టు తల గుండ్రం చేసుకోకుండా సైలెన్సరునే సడలించడం, చీర చక్రంలో పడకుండా ఎడమవైపు ఉండే గార్డు బోల్టులు ఏవో గుర్తుపెట్టుకోవడం, వాషర్లను తీసిన వరుసలోనే కింద పరచడం, ఇవన్నీ ఓపిక చూపే పనులు.

కొత్త షాకు పెట్టెలోంచి తీసిన వెంటనే బిగించదగినది కాదు. బళ్లకు వచ్చేవాటిలో చాలావాటికి ఒక గొట్టంలో మరో గొట్టం ఉంటుంది, పిస్టన్ లోగొట్టంలో ఆడుతుంది, బయటి గొట్టం మిగులు నూనెకు గాదె; దుకాణంలో అడ్డంగా పడి ఉన్నన్నాళ్లూ గాలి లోగొట్టంలోకి చేరుతుంది. నిలువుగా పట్టుకుని, స్ప్రింగుతో పాటే ఒంటి బరువు వేసి నాలుగైదుసార్లు నొక్కి వదిలితే ఆ గాలి పైకి పోతుంది. గాలీ నూనే కలిసి నురగ కావడం ఈ రకపు గొట్టానికి పుట్టుకతో వచ్చిన బలహీనత. గతుకుల దారిలో ఎడతెగకుండా నడిపితే మంచి షాకు కూడా కాసేపు మెత్తబడేది అందుకే, ఫ్రాన్సు దేశపు క్రిస్టియన్ బూర్సియే ద కార్బన్ 1953లో ఒకే గొట్టంలో నూనెనూ, ఒత్తిడితో నింపిన వాయువునూ వేరుచేసి ఉంచే షాకును రూపొందించింది కూడా అందుకే. పొడవును కూడా పాతదాని పక్కన పెట్టి కన్నం నుంచి కన్నానికి కొలవాలి, సెంటీమీటరు ఎక్కువైనా సైడు స్టాండు మీద బండి మరీ ఒరుగుతుంది, మెయిన్ స్టాండు వేసినా వెనుక చక్రం నేలను తాకుతుంది.

చివరి బిగింపు దగ్గర అనుభవజ్ఞులు కూడా తొందరపడతారు. చక్రం గాలిలో ఉండగానే నట్లు పూర్తిగా బిగిస్తే రబ్బరు బుష్‌లు ఆ భంగిమలోనే పట్టుబడి, బండి నేలకు దిగి మనిషి ఎక్కగానే మెలిపడి, కొన్ని నెలలకే పగులుతాయి. చేతితో పట్టించి, బండిని నేలకు దించి, సీటు మీద ఒకరిని కూర్చోబెట్టి అప్పుడు బిగించడం దానికి విరుగుడు. రెండువైపులా రింగు ఒకే మెట్టు మీద ఉందో లేదో చూడడం మరచిపోయేవారు ఆశ్చర్యం గొలిపేంతమంది ఉన్నారు.

కొత్త షాకులు వేసిన తొలి రోజుల్లో బండి బిగుసుకుపోయిందని యజమాని వచ్చి అడగడం కద్దు; అలవాటుపడిన ఊపు కనిపించక ఒళ్లు దాన్ని వెతుక్కుంటుంది. విప్పిన పాత షాకుల స్ప్రింగులు సాధారణంగా చెక్కుచెదరకుండానే ఉంటాయి, ఉక్కు అంత సులభంగా అలసిపోదు. నూనె కారిన గొట్టాలు ఇనప సామాను బేరగాడి తట్టలోకి పోతాయి, స్ప్రింగులు మాత్రం షెడ్డు గోడ మేకుకు వేలాడుతుంటాయి, బండి కూలిపోతోంది, ఇంకో స్ప్రింగు తొడగమని అడుగుతూ వచ్చే తరువాతి మనిషి కోసం.