సూది విన్నంత మేరకే

జాజ్ చరిత్ర ఏ పుస్తకంలో చదివినా మెట్ల వరుసలా ఉంటుంది. న్యూ ఆర్లీన్స్‌లో పుట్టింది, షికాగోలో ఎదిగింది, స్వింగ్ అయింది, బీబాప్ అయింది, తర్వాత కూల్, ఫ్రీ, ఫ్యూజన్. మెట్టుకో మహానుభావుడు. ఈ వరుస అబద్ధమని అనను గాని, దీన్ని సంగీతం నడిచిన దారిగా పూర్తిగా నమ్మడానికి నాకు మనసొప్పదు. రికార్డింగ్ యంత్రం ఎప్పుడు ఎక్కడ చెవి పెట్టిందో, ఎప్పుడు చెవి మూసుకుందో ఆ లెక్కే ఇందులో ఎక్కువగా కనిపిస్తుంది.

మొదటి మెట్టే చూడండి. 1900 ప్రాంతంలో న్యూ ఆర్లీన్స్‌ను ఊపేసిన నల్లజాతి కార్నెట్ విద్వాంసుడు బడ్డీ బోల్డెన్. ఆయన వాయించినదాంట్లో ఒక్క స్వరం కూడా మనకు మిగల్లేదు. 1907లో పిచ్చాసుపత్రిలో చేరి, 1931లో అక్కడే పోయాడు. ఆదివారాలు కాంగో స్క్వేర్‌లో బానిసలు డోళ్లు వాయించి ఆడిన నాటి నుంచి బ్లూస్, చర్చి పాటలు, రాగ్‌టైమ్, శవయాత్రల్లో నడిచే బ్రాస్ బ్యాండ్లు, అన్నీ కలిసి ఈ సంగీతాన్ని తయారుచేశాయి. కానీ తొలి జాజ్ రికార్డు అని పేరు మోసింది మాత్రం 1917 ఫిబ్రవరి 26న న్యూయార్క్‌లో ఐదుగురు తెల్లవాళ్లు విక్టర్ కంపెనీకి వాయించినది. అందులో క్లారినెట్ కోడిపుంజులా కూస్తుంది, కార్నెట్ గుర్రంలా సకిలిస్తుంది. వినోదానికి లోటు లేదు. జాజ్‌కి పుట్టిన తేదీ అని దాన్ని పట్టుకుంటేనే చిక్కు.

1923 ఏప్రిల్‌లో కింగ్ ఆలివర్ బృందం ఇండియానాలోని రిచ్‌మండ్‌కి వెళ్లి జెనెట్ కంపెనీకి వాయించింది. స్టూడియో పక్కనే రైలు పట్టాలు. బండి వస్తే పని ఆపాల్సిందే. రికార్డింగుకు అప్పటికి మైకు రాలేదు. గోడలోంచి పొడుచుకొచ్చిన పెద్ద గరాటు ముందు అందరూ గుమిగూడాలి. పెద్ద డ్రమ్ము మోగితే సూది గంతేస్తుంది కనక, డ్రమ్ము వాయించే బేబీ డాడ్స్ చెక్కముక్కల మీద టకటకలతో సరిపెట్టుకున్నాడు. కుర్ర లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ మిగతావాళ్లను మింగేస్తోందని అతన్ని దూరంగా నిలబెట్టారని పియానో వాయించిన లిల్ హార్డిన్ తర్వాత చెప్పింది. ఆ రికార్డులు మాత్రమే విని, తొలినాళ్ల జాజ్‌లో డ్రమ్ము సన్నగా ఉండేదని రాస్తే ఏమవుతుంది? గరాటుకున్న లోపం శైలి పేరుతో చలామణీ అవుతుంది. పైగా ప్లేటుకి ఒక్కో పక్క మూడు నిమిషాలే. (మన పద్యనాటకాల గ్రామఫోన్ ప్లేట్లదీ ఇదే గోడు. వేదిక మీద వన్స్‌మోర్‌లతో సాగే రాగం అక్కడ గడియారం చూసుకుంటూ ముగిసేది.)

యంత్రం సాక్షి మాత్రమే, శైలిని పుట్టించేది మనిషి కదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమే. 1928 నాటి వెస్ట్ ఎండ్ బ్లూస్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ తోడెవరూ లేకుండా ట్రంపెట్‌తో చేసిన ఎత్తుగడ పదిహేను సెకన్లైనా ఉండదు. ఆ క్లుప్తతలో ఉన్న బలం ఏ యంత్రమూ ఇచ్చింది కాదు. అసలు రికార్డే లేకపోతే కాన్సాస్ సిటీ కుర్రాడు చార్లీ పార్కర్ 1937 వేసవిలో శాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ సోలోలను పట్టుపట్టి నేర్చుకునేవాడూ కాదు. అంటే యంత్రం సాక్షిగా ఉంటూనే గురువూ అయింది. గురువు ఏది వినిపిస్తే శిష్యుడు దాన్నే పట్టుకుంటాడు. నా వాదనకు ఇది బలమే తప్ప దెబ్బ కాదు.

బీబాప్ సంగతి ఇంకా విచిత్రం. 1942 ఆగస్టు 1 నుంచి అమెరికా వాద్యకారుల సంఘం సమ్మెకు దిగి రికార్డింగులు మానేసింది. పెద్ద కంపెనీలతో రాజీ పూర్తయ్యేసరికి 1944 నవంబరు. 1945లో పార్కర్, డిజీ గిలెస్పీల ప్లేట్లు బయటికొస్తే జనానికి పిడుగు పడ్డట్టయింది. పిడుగేమీ లేదు. హార్లెమ్‌లోని మింటన్స్ ప్లేహౌస్‌లో ఏళ్లతరబడి రాత్రిళ్లు వండుతున్న వంటే అది. 1941లో జెర్రీ న్యూమన్ అనే విద్యార్థి తన సొంత యంత్రం అక్కడికి మోసుకెళ్లి చార్లీ క్రిస్టియన్ గిటార్‌ను పట్టుకున్నాడు. ఆ రికార్డు సగంలో మొదలవుతుంది. గిటార్ అప్పటికే పరుగులో ఉంటుంది. బెన్నీ గుడ్‌మన్ బృందం ప్లేట్లలో కాసిన్ని బార్లతో ముగించే మనిషి ఇక్కడ ఆవర్తనం వెంట ఆవర్తనం మనోధర్మంతో సాగిపోతాడు. మరుసటి ఏడాదే, ఇరవై అయిదేళ్లకే క్షయతో పోయాడు. న్యూమన్ యంత్రం మోయకపోతే స్వింగ్‌కీ బీబాప్‌కీ మధ్య ఈ వంతెన మన చెవినే పడేది కాదు.

యుద్ధం రోజుల్లో పెద్ద బ్యాండ్లను పోషించడం కష్టమైందనీ, డాన్సులకు వాయించి విసిగిన నల్లజాతి విద్వాంసులు తమ కోసం తాము వాయించుకున్నారనీ బీబాప్‌కి ఇంకో కారణం చెబుతారు. ఒప్పుకుంటాను. శైలి ఎందుకు మారిందో అది చెబుతుంది. ఒక్క రాత్రిలో మారినట్టు మనకెందుకు తోచిందో చెప్పదు.

మళ్లీ ఆ మూడు నిమిషాల హద్దు దగ్గరికి వస్తే, డ్యూక్ ఎల్లింగ్టన్ 1937లో డిమిన్యుఎండో అండ్ క్రెషెండో ఇన్ బ్లూను ఒకే ప్లేటుకు రెండు పక్కలా సగం సగం చేసి ఇచ్చాడు. మధ్యలో ప్లేటు తిరగేయాలి. 1948లో ఎల్పీ వచ్చి పక్కకి ఇరవై నిమిషాల పైన చోటిచ్చింది. 1956 జూలైలో న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో అదే రచన రెండు భాగాల నడుమ పాల్ గొన్సాల్వెస్ శాక్సఫోన్ మీద ఏకంగా 27 ఆవర్తనాలు వాయించాడు. జనం లేచి గంతులేశారు. కానీ ఆయన వాయించింది కొలంబియా కంపెనీ మైకులోకి కాదు, పక్కనే ఉన్న వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకులోకి. అందుకే ఎల్పీలో ఆ శాక్సఫోన్ ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంటుంది. రెండు టేపులూ కలిపి ఆయన్ను ముందుకు తెచ్చేసరికి 1999 వచ్చింది.