అరుగు మీది రాజ్యాంగము

ఆదివారము సాయంకాలము మా మనుబోలులో నా యింటి అరుగు మీద చేరు పిల్లలకు రాజ్యాంగమును గూర్చి చెప్పుట నేను కొన్నేండ్లుగా పట్టుకొన్న పని. మొదట నేనును సమాఖ్య యనగా నేమి, ప్రాథమిక హక్కు లెవ్వి యని వల్లె వేయించితిని. వారు గడగడ అప్పగించిరి, మరునాటికి మరచిరి. తప్పు వారిది కాదు. రాజ్యాంగము పిల్లల కంటి యెదుటి వస్తువులలోనే యున్నదని నాకు ఆలస్యముగా తెలిసినది.

ఇప్పుడు గూడూరు వైపు పోవు బండి కూత వేయగానే, "ఇది ఎవరి చేతిలో ఉంది?" అని యడుగుదును. రైలు కేంద్రానిది, జాతీయ రహదారియు కేంద్రానిదే. ఆ రహదారి మీద లారీ నాపు పోలీసు మాత్రము రాష్ట్రమువాడు. మా వీధిదీపము పంచాయతీది. బడి సంగతి వచ్చునప్పటికి కొంత తడవు ఆగవలెను, ఏలయన విద్యను 1976 నాటి 42వ సవరణము రాష్ట్ర జాబితా నుండి ఉమ్మడి జాబితాకు మార్చినది. "ఉమ్మడి పొలం మాదిరా సార్? తగువొస్తే ఎవురి మాట చెల్లుద్ది?" అని యొక రైతుబిడ్డ అడిగినాడు. సామాన్యముగా పార్లమెంటు శాసనమే చెల్లునని చెప్పితినిగాని, ఏ పాఠ్యపుస్తకమును నాకట్టి పోలిక నీయలేదు.

మా జిల్లాలోని కండలేరు జలాశయము నుండి చెన్నపట్టణమునకు పోవు కృష్ణాజలము మరియొక పాఠము. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు తలకు 5 టీఎంసీలు తమ వాటాలో నుండి విడిచి, పొరుగు రాష్ట్రపు నగరము దాహము తీర్ప నంగీకరించినవి. ఆ నగరముననే 1952లో ఆంధ్రరాష్ట్రము కొరకు పొట్టి శ్రీరాములుగారు 58 దినములు నిరాహారులై ప్రాణము విడిచినారు. మరుసటి యేడు అక్టోబరు 1న ఆ రాష్ట్ర మేర్పడినది.

అయితే పిల్లలతో నేను ఎక్కువసేపు నిలుచు తావు అది కాదు. 1946లో ఆయనయే నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోనికి హరిజనులను రానిమ్మని ఉపవసించినారు. ఒక తలుపు తెరువబడుటకు ఒక మనిషి ఆకలితో పడియుండవలసి వచ్చెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతనే రద్దు చేసినది. ఈ మాట చెప్పిననాడు పలకపట్టి కూర్చున్న యొక చిన్నది,

"అయితే ఇప్పుడు లోపలికి పోవాలంటే ఎవుర్నీ అడగబళ్ళేదా సార్?" అనెను.

"అక్కరలేదమ్మా. అడ్డు నిలిచినవాడే జవాబు చెప్పుకోవాలి."

"సర్కారే అడ్డు నిలిస్తే?"

సుప్రీంకోర్టు తలుపు తట్టుటకు 32వ అధికరణము కలదంటిని. ఢిల్లీ యెంత దూరమని ఆ పిల్ల దిగులుపడగా, 226వ అధికరణము క్రింద అమరావతిలోని హైకోర్టునకును పోవచ్చు నంటిని. అప్పుడది బలపము తీసికొని, పలకమీద 17 వేసి, దాని క్రింద 32, 226 వ్రాసికొని, చెరిగిపోకుండ పలకను గుండెకు దూరముగా పట్టుకొని యింటికి నడిచినది.