మోటారు విహారము – మజిలీ ధర్మము

ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’ను క్షేత్రమాహాత్మ్యములకొఱకు చదువవలెనని పలువు రందురు. మోటారెక్కి పోయి అడవులలో గుడారములు వేసికొనువారు దానిని ముందుగా చదువవలెనని మే మందుము.

చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఈయన 1830 మే నెలలో బయలుదేరి, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. వెంట సుమారు నూర్గురు పరివారము; బసకు డేరాలు. గ్రంథము 1838లో అచ్చుపడెను. మజిలీ వచ్చినపుడెల్ల, నీటివసతి యెట్టిది, అంగళ్లలో నేమి దొరకును, ముందుదారి యెట్లున్నది యని ఆయన వ్రాయుచు పోయెను. చదువరికిది కొంత విసుగు పుట్టించుట నిజమే. కాని ఆ విసుగులోనే ఒక మర్యాద కలదు. మనము దిగిన చోటు మనకంటె ముందు ఒకరి యూరు అను ఎఱుకయే ఆ మర్యాద.

మోటారు వచ్చినపిమ్మట మజిలీతో పని తీరెను. నచ్చిన చోట నిలుపవచ్చును, నిలిపినదే బస. అమెరికాలో 1918లో హెన్రీ ఫోర్డు, ఎడిసన్, ఫైర్‌స్టోన్, ప్రకృతి రచయిత జాన్ బరోస్ గార లిట్లే కొండసీమలకు పోయి గుడారములలో విడిసిరి. బరోస్‌గారు తొలుత మోటారును గర్హించినవారే. 1913లో ఫోర్డుగారు ఒక బండిని కానుకగా నీయగా మెత్తబడిరి. వారి వెంట వంటవాండ్రును, సామానుబండ్లును నడచెను. పేరు ఏకాంతము, జరిగినది జాతర!

నేడు మా నారాయణఖేడు ప్రాంతముననే, సంగారెడ్డినుండి అకోలాకు పోవు 161వ జాతీయరహదారి కలదు. దారి బాగుపడిన కొలది చెరువుగట్టున బండి నిలిపి పొయ్యి రాజేయువారును పెరుగుదురు. వీరు వ్రాయు విహారవ్యాసములలో కొండ యుండును, మబ్బుండును, క్రోసుల లెక్క యుండును, ఊరు మాత్రముండదు. ఆ చెరువునీరు త్రాగు పశువు లెవరివో, విఱిచిన కంప యెవరి చేనిదో తెలియదు. రచనలోని యీ లోపమే నడతలోని లోపము.

మోటారును నిందించుట మా యభిమతము కాదు. వీరాస్వామయ్యగారి సవారి బోయీల భుజములపై సాగినది. ఆ భుజముల బరువు దింపినది యంత్రమే. ఏ కులమువాడైనను ఒకే బస్సులో ప్రక్కప్రక్కన కూర్చుండుటకు తోడుపడినదియు నదియే. మనుష్యుని భుజమునుండి దిగిన బరువు పల్లె నెత్తి కెక్కరాదని మాత్రమే మా మనవి. గుడారము దింపకముందు ఊరివారి నడుగుట, వెడలునపుడు నిప్పార్పుట, తెచ్చినదాని చెత్తను తామే కొనిపోవుట — ఇంతకుమించిన శాస్త్రమక్కఱలేదు. పిల్లలను విహారమునకు గొనిపోవు తలిదండ్రులు ఈ పాఠమును ముందు తాము నేర్తురుగాక.