ఒక కర్త, రెండు క్రియలు, మధ్యలో ‘అండ్’

‘డోంట్ డ్రింక్ అండ్ డ్రైవ్’ అని ఇంగ్లీషు బోర్డు. ‘మద్యం తాగి వాహనం నడపరాదు’ అని తెలుగు బోర్డు. హైదరాబాద్ రోడ్ల మీద తిరిగేవాళ్ళు రెండింటినీ చూసే ఉంటారు. ఇంగ్లీషు హెచ్చరికలో తాగడం, నడపడం అనే రెండు పనులూ సరిసమానంగా నిలబడ్డాయి. వాటి మధ్య ఉన్నది ఒక్క ‘అండ్’. పట్టుబట్టి చదివితే తాగొద్దు, నడపనూ వద్దు అనే అర్థం కూడా లాగొచ్చు. ఎవరూ లాగరు. లోకజ్ఞానం అడ్డుపడుతుంది. తెలుగు బోర్డు ఆ పనిని లోకజ్ఞానానికి వదిలిపెట్టలేదు. ఏది ముందో, ఏది తర్వాతో, కూడదన్నది దేన్నో ‘తాగి’ చివర ఉన్న ఇకారమే తేల్చేసింది.

చట్టం రాసినవాళ్ళు కూడా ‘అండ్’ మీద ఆధారపడలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 185వ సెక్షన్ మత్తులో ఉన్న వ్యక్తి వాహనం నడపడం గురించి మాట్లాడుతుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరమనే కొలతా అక్కడిదే. జనం నోట, పత్రికల్లో మాత్రం అది ‘డ్రంక్ అండ్ డ్రైవ్’ అయి కూర్చుంది. ఇంగ్లీషు వ్యాకరణం ఒప్పుకోని జోడింపు అది. అయినా దేశమంతటా చెల్లుతోంది. మన చెవికి ఆ ‘డ్రంక్’ అచ్చంగా ‘తాగి’లా వినిపించడమే కారణం కావచ్చు. ఇలా ఒక అసమాపక క్రియతో పనుల్ని వరసగా కూర్చడం తెలుగు ఒక్కదాని అలవాటు కాదు. ద్రావిడ భాషల్లోనూ హిందీ, మరాఠీ వంటి భాషల్లోనూ ఉంది. భాషాశాస్త్రవేత్త కాలిన్ మాసికా 1976లో దీన్ని దక్షిణాసియా భాషల ఉమ్మడి లక్షణాల్లో ఒకటిగా లెక్కించాడు.

ఏజెన్సీ కాపీని తెలుగు చేసే సబ్‌ఎడిటర్‌కు ఈ ‘అండ్’ రోజూ ఎదురుపడుతుంది. ‘హి స్మైల్డ్ అండ్ సెడ్’ అని కాపీలో ఉంటుంది. నవ్వి అన్నాడా, నవ్వుతూ అన్నాడా? ఇంగ్లీషు రాసిన విలేకరికి ఆ ప్రశ్నే లేదు. తెలుగు రాసేవాడికి అది తేలకపోతే వాక్యం కదలదు. ఇక ‘హి’ అనే మనిషి అతనా, ఆయనా, వాడా అన్నది ఇంకో తగువు. దాని తీర్పు క్రియ చివర ‘అన్నాడు’, ‘అన్నారు’ దగ్గర బయటపడుతుంది.

ఇది శైలికి సంబంధించిన చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, మనుషుల పరువు దాకా పోయే సందర్భాలున్నాయి. ‘హి టుక్ ద టాబ్లెట్ అండ్ డైడ్’ అనే వాక్యమే తీసుకోండి. అలవాటు ప్రకారం ‘మాత్ర వేసుకుని చనిపోయాడు’ అని రాసేయొచ్చు. అంతే, మాత్ర దోషి అయిపోయింది. మాత్ర ఇచ్చిన డాక్టరూ దోషి. పోస్ట్‌మార్టం రిపోర్టు రాకముందే పత్రిక తీర్పు చెప్పేసినట్టు. ఇంగ్లీషు వాక్యం కూడా ఆ వైపు వేలు చూపిస్తుంది, కాదనలేం. కానీ రెండు సంఘటనలు చెప్పామంతే, ఒకదానివల్ల ఇంకొకటి జరిగిందనలేదు అని తప్పుకునే సందు దానికి ఉంది. తెలుగు ‘వేసుకుని’లో ఆ సందు చాలా ఇరుకు. అందుకే ఇలాంటి చోట వాక్యాన్ని విరగ్గొట్టడమే న్యాయం: ‘మాత్ర వేసుకున్నాడు. కాసేపటికి చనిపోయాడు.’ ఆ ‘కాసేపటికి’ కూడా కాపీలో ఆధారం ఉంటేనే.

ఆ సందు గురించి తత్వవేత్త పాల్ గ్రైస్ లోతుగా ఆలోచించాడు. 1967లో హార్వర్డ్‌లో ఇచ్చిన విలియం జేమ్స్ ఉపన్యాసాల్లో ఆయన చేసిన వాదన ప్రకారం, మాట అర్థంలో ఉన్నది వేరు, మాట్లాడిన తీరును బట్టి వినేవాడు ఊహించుకునేది వేరు. ‘షి గాట్ మ్యారీడ్ అండ్ హాడ్ ఎ చైల్డ్’ అన్నప్పుడు పెళ్ళి ముందు, బిడ్డ తర్వాత అనుకుంటాం. ఆ వరస ‘అండ్’ అర్థంలో లేదు. చెప్పేవాడు వరస తప్పకుండా చెబుతాడనే నమ్మకంలో ఉంది. తెలుగులో ‘పెళ్ళి చేసుకుని బిడ్డను కన్నది’ అంటే వరస వాక్యంలోనే ఖాయమవుతుంది. వరస చెప్పడం ఇష్టం లేకపోతే ‘పెళ్ళీ చేసుకుంది, బిడ్డనూ కన్నది’ అనాలి. రెండు దారులూ ఉన్నాయి. ఇన్ని ఉండగా ‘వచ్చారు మరియు ప్రసంగించారు’ అని రాయడం మాత్రం భాషకు చేసే అన్యాయమే.

మన వ్యాకరణం దీనికి పెట్టిన పేరు క్త్వార్థకం. ఆ పేరు పాణిని నుంచి వచ్చింది. రెండు పనులకూ కర్త ఒక్కరే అయితే, ముందు జరిగిన పనిని చెప్పే ధాతువుకు ‘క్త్వా’ చేరుతుందని అష్టాధ్యాయి మూడో అధ్యాయంలో ఉంది. ‘సీత వచ్చి గోపాలరావు వెళ్ళాడు’ అని ఏ తెలుగువాడూ అనకపోవడానికి కారణం ఈ ఏకకర్తృక నియమమే. అయితే ‘వానలు పడి చెరువులు నిండాయి’ అంటాం. కర్తలు రెండు, అయినా వాక్యం నిక్షేపంగా నిలబడింది. చెరువులు నిండడానికి వానలే కారణం కాబట్టి. కార్యకారణ సంబంధం ఉంటే నియమం సడలుతుంది. ‘మాత్ర వేసుకుని’ అనగానే మాత్ర మీద అనుమానం పడటం వెనక ఉన్నదీ ఈ అలవాటే. తెలుగు వాక్య నిర్మాణాన్ని ఆధునిక భాషాశాస్త్ర దృష్టితో చూడాలనుకునేవాళ్ళకు 1975లో వచ్చిన చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ ఇప్పటికీ మంచి తోవ.

ఇంగ్లీషు రెండు క్రియల్ని ‘అండ్’తోనే కలుపుతుందనుకోకూడదు. ‘టు’ ఉంది, ‘ఇంగ్’ ఉంది, ఏమీ లేకుండా కలపడమూ ఉంది. ‘హి స్టాప్డ్ టు హెల్ప్’ అంటే సాయం చేయడానికి ఆగాడు. ‘హి స్టాప్డ్ హెల్పింగ్’ అంటే సాయం మానేశాడు. ఒక మంచి మనిషి కథ కాస్తా చేయి వదిలేసిన మనిషి కథ అయిపోతుంది. ‘రిమెంబర్’ కూడా ఇలాంటిదే. ‘ఐ రిమెంబర్డ్ టు లాక్ ద డోర్’ అంటే మరిచిపోకుండా తాళం వేశాను. ‘ఐ రిమెంబర్ లాకింగ్ ద డోర్’ అంటే తాళం వేసినట్టు గుర్తుంది. ఇదంతా బట్టీ పట్టాల్సిన జాబితాలా పిల్లలకు నేర్పుతారు గానీ, దీనికో చరిత్ర ఉంది. పాత ఇంగ్లీషులో ‘టు’ అంటే ‘వైపు’. క్రియకు ముందు చేరినప్పుడు ఆ పని కోసం, ఆ పని దిశగా అనే అర్థం ఇచ్చేది. పాత ప్రత్యయాలు అరిగిపోయాక ‘టు’ క్రియకు గుర్తుగా మిగిలింది. ముందుచూపు మాత్రం చాలాచోట్ల పోలేదు. ‘రిమెంబర్డ్ టు లాక్’ ఇంకా చేయాల్సిన పని వైపు చూస్తే, ‘రిమెంబర్ లాకింగ్’ చేసేసిన పని వైపు చూస్తుంది. ‘కెన్’, ‘విల్’, ‘మస్ట్’ లాంటివి మొదటినుంచీ ‘టు’ అక్కర్లేకుండానే క్రియను కలుపుకున్నాయి, ఇప్పటికీ అంతే.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలు ‘హి కమ్స్ అండ్ సిట్’ అని రాస్తే వెంటనే ఎర్ర సిరా పడుతుంది. ఆ తప్పులో తెలుగు తర్కం ఉందని గుర్తించే టీచర్లు ఇంకా ఎక్కువమంది ఉండాలి. ‘వచ్చి, కూర్చుని, తిని వెళ్ళింది’ అనే వాక్యంలో కాలం, లింగం, వచనం అన్నీ చివరి ‘వెళ్ళింది’ ఒక్కటే మోస్తుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. ‘కమ్స్’కీ ‘సిట్స్’కీ ఎవరి ‘ఎస్’ వాళ్ళదే. కానీ ముందు ‘విల్’ పెట్టి చూడండి: ‘హి విల్ కమ్ అండ్ సిట్’. ఇక్కడ ఒక్క ‘విల్’ రెండు క్రియల బరువూ ఎత్తుకుంది. తెలుగు చివర పెట్టే బరువును ఇంగ్లీషు ముందు పెట్టింది. ఈ సంగతి చెబితే పిల్లలు ‘ఎస్’ ఎందుకో తేలిగ్గా పట్టుకుంటారు.

ముందు పెట్టిన బరువును రెండో క్రియ మోయలేని చోట ఇంగ్లీషువాళ్ళే తడబడతారు. ‘ఐ హావ్ అండ్ విల్ కంటిన్యూ టు సపోర్ట్’ అనే ధోరణి రాజకీయ ప్రకటనల్లో తరచూ కనిపిస్తుంది. ‘హావ్’కు ‘సపోర్టెడ్’ కావాలి. వాక్యంలో అది లేదు. ఆ కాపీ డెస్కుకొస్తే సబ్‌ఎడిటర్ ముందు లేని క్రియను మనసులో పూరించుకుని, ఆ తర్వాతే ‘మద్దతిస్తూ వచ్చాను, ఇకముందూ ఇస్తాను’ అని రాయగలుగుతాడు.