సాక్ష్యంలో చెప్పని మాట

తనకల్లు చుట్టుపక్కల పల్లెల్లో ఆదివారం ఆరాధన ముగిసే ముందు పాస్టరు గారు "ఎవురికన్నా సాక్ష్యముంటే చెప్పండి" అంటారు. జ్వరం తగ్గిందని వొకామె, బోరులో నీళ్లు పడ్డాయని వొకాయన, బెంగుళూరు పనికి పోయిన కొడుకు క్షేమంగా తిరిగొచ్చాడని ఇంకొకామె లేచి స్తోత్రం చెబుతారు. మేం వెళ్లి కూర్చున్న వొక ఆదివారం వొక కుర్రవాడు లేచాడు. సర్కారు వుద్యోగం వచ్చిందన్నాడు. రెండుసార్లు పరీక్ష తప్పినా నిరాశపడలేదని, అమ్మ ప్రతి శుక్రవారం వుపవాసముండి ప్రార్థన చేసిందని, చివరికి దేవుడే తలుపు తెరిచాడని చెప్పాడు. సంఘమంతా హల్లెలూయా అంది. వాళ్లమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ సాక్ష్యంలో కుల సర్టిఫికెట్ మాట రాలేదు. అతను ఏ కాగితం పెట్టాడో మేం అడగలేదు. అక్కడ ఎవరూ అడగరు. అడక్కూడదన్న తెలివి ముసలమ్మలకు కూడా వుంది. ఈ వ్యాసం అతని గుట్టు విప్పడానికి కాదు. అందరూ కలిసి పాటించే ఆ మౌనం గురించి, ఆ మౌనం మన సాహిత్యంలోకి ఎంతవరకు వచ్చిందన్న దాని గురించి.

యువజన కూడికల్లో ఈమధ్య ఎక్కువగా వినబడే ప్రసంగం వొకటుంది. వుద్యోగంలో ఎదగాలి, విశ్వాసంలో నిలబడాలి, వ్యక్తిత్వాన్ని పెంచుకోవాలి, మూడింటినీ సమతూకంలో వుంచుకోవాలి. తెల్లవారుజామున లేచి ప్రార్థన చేయి, ఆఫీసులో నిజాయితీగా వుండు, ఆదివారం పని పెట్టుకోకు, దశమభాగం మరవకు. ఇందులో తప్పుపట్టాల్సిన మాట వొక్కటీ లేదు. 'విజయానికి ఐదు మెట్లు' దగ్గర్నుంచి తెలుగులో బోలెడన్ని వచ్చిన వ్యక్తిత్వ వికాస పుస్తకాల పద్ధతే ఇది, దానికి వాక్యం తోడైంది. రెండింట్లోనూ ఎదగాల్సిన మనిషికి కులం వుండదు. గెలుపూ ఓటమీ అతని మనసులోనే తేలిపోతాయి. తక్కెడ మన చేతిలోనే వుందని ఈ ప్రసంగం నమ్మిస్తుంది. దళిత క్రైస్తవుడి తక్కెడ అతని చేతిలో ఎప్పుడుంది? అది 1950 నుంచీ ప్రభుత్వం చేతిలో వుంది.

ఆ సంగతికి వచ్చేముందు ఇంకొంచెం వెనక్కి పోవాలి. కరువూ, కూలీ, క్రైస్తవమూ కలిసిన కథ మనకు కొత్తది కాదు. 1876-78 నాటి పెద్ద కరువు కడప, బళ్లారి, కర్నూలు జిల్లాలను పీల్చి పిప్పిచేసింది. తనకల్లు అప్పుడు కడప జిల్లాలోది. 1910లో కదిరి తాలూకాతో పాటు అనంతపురం జిల్లాలో కలిసింది, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో వుంది. అదే కరువులో ఒంగోలు దగ్గర అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు పని చూపించాడు. పని జరుగుతున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కూడు కోసం కలిశారన్న నింద రాకూడదని. పని ముగిశాక, 1878 జూలై 3న, వొక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూలికీ నమ్మకానికీ మధ్య గీత గీసి చూపించినా నింద ఆగలేదు. 'కూటి కోసం మతం మారినోళ్లు' అనే మాట ఇప్పటికీ మన మొహాన కొడుతూనే వున్నారు.

1950 రాష్ట్రపతి వుత్తర్వు ఈ లెక్కను తలకిందులు చేసింది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడని దాని మూడో పేరా చెప్పింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవులకూ ముస్లిములకూ సడలించలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లను బీసీ-సీలో పెట్టి 1 శాతం ఇచ్చారు. 1977లో జీవో 341 చట్టబద్ధం కాని రాయితీలు కొన్నింటిని వాళ్లకూ వర్తింపజేసింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకూ మతానికీ ముడి తెంచమంది. 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ కేసులో సుప్రీంకోర్టు, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. 2025 ఏప్రిల్‌లో మన హైకోర్టు, పాస్టరుగా వున్నవాడు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు చేయలేడని తీర్పు చెప్పింది. తిట్టేవాడికి మాత్రం అతని కులం బాగా గుర్తుంటుంది!

ఆనాడు కూటి కోసం మతం మారాడన్నారు, ఈనాడు వుద్యోగం కోసం మతం దాచాడంటున్నారు. రెండు నిందల్లోనూ దళితుడి నమ్మకం నిజం కావడానికి వీల్లేదు. 1950 తర్వాత బహిరంగంగా క్రైస్తవుడిగా నిలబడినవాడు దానికి వెల చెల్లిస్తూనే వున్నాడు. వెల చెల్లించలేనివాడు రెండు పేర్లతో బతుకుతున్నాడు. సంఘం పుస్తకంలో వొకటి, బడి రిజిస్టరులో ఇంకొకటి.

ఈ రెండు పేర్ల మనిషిని మన సాహిత్యం ఎంతవరకు చూసింది?

జాషువతో మొదలుపెడదాం. మిషన్ బడి పంతులు, మూకీ సినిమాలకు కథ చెప్పేవాడు, గుంటూరులో వుపాధ్యాయ శిక్షణ పాఠశాల పంతులు, తెలుగు పండితుడు, మద్రాసు రేడియోలో ప్రొడ్యూసరు. ఇవన్నీ ఆయన చేసిన వుద్యోగాలు. పురాణ కథలు పద్యాలు కడుతున్నాడని క్రైస్తవులు కోపపడ్డారు. పద్యం ఎంత బాగున్నా కులం అడిగి పండితులు మొహం తిప్పుకున్నారు. 'గబ్బిలం' (1941) రాసిన చెయ్యే 'క్రీస్తు చరిత్ర' రాసింది, దానికే 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మన విమర్శ ఈ మనిషిని ముక్కలు చేసి పంచుకుంది. గబ్బిలం దళితులకు, క్రీస్తు చరిత్ర చర్చికి, పద్యశిల్పం పండితులకు. ఆయన తన బతుకును పద్యాల్లో చెప్పుకున్న 'నా కథ'ను ముందు పెట్టుకుని చదివితే ఈ పంపకం నిలవదు. జీతమూ, కవిత్వమూ, క్రీస్తూ వొకే మనిషిలో పోట్లాడుకున్న కథ అది. జాషువకు పేరు దాచుకునే వీలే లేదు. పేరు చెప్పగానే వూరికి అర్థమయ్యేది. ఆ నిస్సహాయతే ఆయనకు తెగువ అయింది.

కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000) ఆ తెగువకు ముందు తరాలను తవ్వి తీసింది. ఎల్లన్న పాట, కరువుకు ఊరొదిలి కాలవ పనికి పోయిన శివయ్య, అతను క్రైస్తవుడైన తీరు, వీటన్నిటినీ రూతు జ్ఞాపకంగా చెప్పిస్తాడు రచయిత. మతంలోకి వచ్చినా కులం గుమ్మం బయట ఆగిపోలేదని ఈ నవల చెప్పినంత గట్టిగా మరొకటి చెప్పలేదు. అయితే నవల చూపు పోరాటం వైపు సాగింది. సర్టిఫికెట్ పట్టుకుని ఆఫీసు మెట్లెక్కిన మనిషి దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. అది దాని దారి, తప్పనడం లేదు. ఖాళీ ఎక్కడ మిగిలిందో చెబుతున్నాం.

సుజాత గిడ్ల 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' (2017) ఆ ఖాళీకి దగ్గరగా వచ్చింది. కాకినాడ క్రైస్తవ కుటుంబం, మిషన్ చదువు, వుద్యోగం కోసం తల్లి పడ్డ అగచాట్లు, మేనమామ కె.జి. సత్యమూర్తి రాజకీయ జీవితం అందులో వున్నాయి. చిన్నప్పుడు క్రైస్తవులంటేనే అంటరానివాళ్లని అనుకునేదాన్నని ఆమె రాస్తుంది. ఆమె వరంగల్ ఆర్ఈసీలో చదివి, 26 ఏళ్లకు అమెరికా పోయి, న్యూయార్క్ సబ్‌వే రైళ్లలో కండక్టరుగా చేసింది. ఇంత దాపరికం లేని సాక్ష్యం ఇంగ్లీషులో, సముద్రం అవతల, మన తాసిల్దారు సంతకంతో పనిలేని చోట పుట్టింది. ఇది ఆమె గొప్పతనం. మన తెలుగుకు మాత్రం ఇది ప్రశ్న.

కదిరిలోనో అనంతపురంలోనో అద్దె ఇంట్లో వుండే గుమాస్తా, టీచరమ్మ, నర్సు, వాళ్ల కథ ఏది? ముందు గదిలో అంబేడ్కర్ పటం, లోపలి గదిలో ఏసు కేలండరు. ఆఫీసుకు పోయేటప్పుడు బొట్టు, ఆదివారం నుదురు ఖాళీ. పిల్లలకు పేరు పెట్టేటప్పుడు రాత్రంతా చర్చ. మాకు కనబడినంతలో ఈ బతుకు తెలుగు కథలోకి అంచుల వరకే వచ్చింది. కారణం తెలుసు. రాస్తే ఎవరిదో వుద్యోగం పోతుందన్న భయం. ఈ మౌనాన్ని పిరికితనం అనడం తేలిక. జీతం పోయినా బతకగలిగినవాళ్లే అలా అనగలరు.

ప్రసంగాల్లో వుద్యోగస్తుడికి ఎప్పుడూ దానియేలునే ఆదర్శంగా చూపిస్తారు. బబులోను కొలువులో పైకొచ్చాడు, రాజు భోజనం ముట్టలేదు, సింహాల గుహలోనూ ప్రార్థన మానలేదు. సరే. ఆ కొలువులో దానియేలుకు బెల్తెషాజరు అనే ఇంకో పేరు పెట్టారన్న సంగతి మీద మాత్రం ప్రసంగం ఎవరూ చేయరు. మా మటుకు మాకు తనకల్లు కుర్రవాడికి ఎస్తేరు దగ్గరి చుట్టం అనిపిస్తుంది. ఆమెకూ హదస్సా అని ఇంకో పేరుంది. ఏ జనం బిడ్డవో చెప్పొద్దని మొర్దెకై అంటే చెప్పకుండానే రాణి అయింది. ఆ దాపరికానికి బైబిలు ఆమెను మోసగత్తె అనలేదు. తన జనం ప్రాణం మీదికి వచ్చిన రోజు ఆమె నోరు విప్పింది. విప్పేముందు, షూషనులోని తన వాళ్లందరినీ మూడు రోజులు తనతో పాటు వుపవాసముండమంది. వొంటరిగా పోలేదు.

మా వాదమంతా ఇక్కడే వుంది. ఆ కుర్రవాడిని లేచి నిజం చెప్పు అనడం న్యాయం కాదు. ముందు సంఘం వుపవాసముండాలి. మూడో పేరా కొట్టేయాలన్న డిమాండు ఎన్నికలప్పుడు నాయకుల వినతిపత్రంలో కాదు, ప్రతి ఆదివారం విజ్ఞాపన ప్రార్థనలో వినబడాలి. దళిత వుద్యమం 'దొంగ సర్టిఫికెట్లు' అనే శత్రువు మాటను తన నోట పలకడం మానాలి. వాటా తగ్గుతుందన్న భయం నిజమైనదే, దాన్ని కూర్చుని మాట్లాడుకోవాలి తప్ప అన్నదమ్ముల్లో వొకడిని ఇంట్లోంచి గెంటి కాదు. రాసేవాళ్లం, పరిశోధన చేసేవాళ్లం గణాంకాల వెనక దాక్కోకుండా, ఎవరి పేరూ బయటపెట్టకుండా ఈ బతుకును కథలోకి తేవాలి. పేరు దాచి నిజం చెప్పడం సాహిత్యానికి తెలిసిన విద్యే కదా.

వ్యక్తిత్వం పెరగడమంటే ఏమిటో మాకు తెలిసింది ఇంతే. మనిషి తన బతుకును వొకే నోటితో, వొకే పేరుతో చెప్పుకోగలగడం. ఆ కుర్రవాడు దేవుడు తలుపు తెరిచాడన్నాడు, అది అతని నమ్మకం, దానికి చేతులు జోడిస్తున్నాం. ఆ గోడకు తలుపు పెట్టించిన అంబేడ్కర్ పేరు కూడా అదే సాక్ష్యంలో, అదే గొంతుతో, భయం లేకుండా చెప్పే ఆదివారం తనకల్లుకు రావాలి.